ఏడాది దాటిన బిడ్డకు తల్లిపాలు: నర్సులకు ఏం తెలుసు, వారేమనుకుంటున్నారు?

నర్సింగ్_బోధిని (గుంటూరు)

అందరికీ నమస్కారం. మా కళాశాలలో ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతున్న ఒక విద్యార్థిని, ఏడాది దాటిన బిడ్డకు తల్లిపాలు కొనసాగించే విషయంలో నర్సుల పరిజ్ఞానం, వైఖరి ఎలా ఉన్నాయన్న అంశాన్ని తన పరిశోధనకు ఎంచుకున్నారు. తల్లిపాల మీద మన కళాశాలల్లో వచ్చే వ్యాసాలకు కొదవ లేదు గానీ, నేను చూసినవాటిలో అధిక భాగం ముర్రుపాలు, పుట్టిన మొదటి గంట, మొదటి ఆరు నెలలు అనే పరిధి దాటలేదు. పైగా ప్రశ్నలన్నీ తల్లులకే వేస్తాం. ఆ తల్లులకు సలహా చెప్పే నర్సులకు వేయము. అందుకే ఈ అంశం నాకు నచ్చింది.

ప్రశ్నావళి రాసే ముందు ఆమె కొందరు స్టాఫ్ నర్సులతో మామూలుగా మాట్లాడి చూశారు. బిడ్డకు ఎంతకాలం తల్లిపాలు ఇవ్వాలని అడిగితే, 6 నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆ తరువాత ఇంటి ఆహారంతో పాటు 2 ఏళ్లు, తల్లీబిడ్డలకు ఇష్టమైతే ఆపైన కూడా ఇవ్వాలని తడుముకోకుండా చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే కనుక అందరికీ పూర్తి మార్కులు వేయవలసిందే. వెంటనే, 14 నెలల బిడ్డ అన్నం సరిగా తినడం లేదని ఒక తల్లి వచ్చి చెబితే ఏమంటారని అడిగారు. వారిలోనే చాలామంది ‘ముందు పాలు మాన్పించమంటాం’ అన్నారు.

రెండు జవాబులూ ఒకే మనిషి నోట, అయిదు నిమిషాల తేడాలో వచ్చాయి. దీనిని పరిజ్ఞాన లోపం అనాలా, వైఖరి అనాలా, లేక ఈ రెండూ కాని మరేదైనానా? క్షేత్రంలో పనిచేసేవారు తమ అనుభవం చెబితే ప్రశ్నావళికి ఉపయోగపడుతుంది.

ఉపకేంద్రం_అక్క (భద్రాద్రి కొత్తగూడెం)

మేడమ్ గారూ, నేను చాలా ఏళ్లుగా ఆరోగ్య ఉపకేంద్రంలో ఏ.ఎన్.ఎం.గా (సహాయ నర్సు, మంత్రసానిగా) పనిచేస్తున్నాను. మీరు అడిగిన రెండో ప్రశ్నకు నా తోటి వారిలో ఎక్కువమంది ఇచ్చే జవాబు కూడా అదే. అయితే దానికి కారణం మా పని జరిగే తీరులోనే ఉందని నా అభిప్రాయం.

కాన్పు అయిన మొదటి ఆరు వారాల్లో తల్లిని ఎన్నిసార్లు చూడాలో, ఏమేమి అడగాలో మాకు రాసిపెట్టి ఉంటుంది. 2018లో మొదలైన చిన్నపిల్లల గృహ సందర్శన కార్యక్రమం ప్రకారం ఆశా కార్యకర్త 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికి వెళ్తుంది. 15వ నెల తరువాత తల్లిపాల గురించి అడగడానికే ప్రత్యేకించిన సందర్శన ఏదీ లేదు. బిడ్డ మళ్లీ మా ముందుకు వచ్చేది 16 నుంచి 24 నెలల మధ్య, డీపీటీ బూస్టరు, ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా) టీకా రెండో డోసు కోసం. బుధవారం, శనివారం మా దగ్గర జనం ఎలా ఉంటారో చూసినవారికి తెలుసు. సూది వేయాలి, చుక్కలు వేయాలి, విటమిన్ ఎ పోయాలి, కార్డులో రాయాలి, ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఈలోగా ఇద్దరు పిల్లలు ఏడుపు అందుకుంటారు. ఏడ్చే బిడ్డను తల్లి రొమ్ముకు పట్టుకొని, ‘ఇంకా తాగుతున్నాడండీ’ అని ఏదో తప్పు చేసినట్లు నవ్వుతుంది. ఆ క్షణంలో మేము ‘మంచిదమ్మా, కొనసాగించు’ అనవచ్చు. కానీ మా నోట వచ్చేది ‘ఇంకానా?’ అనే మాటే. అది సలహా కాదు, మందలింపు కూడా కాదు. అయినా ఆ తల్లి దానిని నర్సమ్మ తీర్పుగానే తీసుకొని ఇంటికి వెళ్తుంది.

మా ఏజెన్సీ గ్రామాల్లో రెండేళ్లు దాటిన పిల్లలు పాలు తాగడం ఎవరికీ వింత కాదు. వింతగా చూసేది పట్టణాల్లో శిక్షణ పొంది వచ్చిన మేమే.

మరొక విషయం. తల్లి మళ్లీ గర్భవతి అయిందని తెలిసిన రోజే పాలు మాన్పించాలని ఇంట్లో పెద్దవారు పట్టుబడతారు. రొమ్ముకు వేపాకు ముద్ద రాస్తారు, లేదంటే బిడ్డను అమ్మమ్మ ఇంటికి పంపేస్తారు. కడుపులోని బిడ్డ బలమంతా పాలలో పోతుందని వారి భయం. గతంలో గర్భస్రావాలు, నెలలు నిండని కాన్పు, రక్తస్రావం వంటి ఇబ్బందులు లేని తల్లి గర్భంతో ఉండి కూడా పాలివ్వవచ్చని మాకు ఎవరూ విడిగా బోధించలేదు. నేను తరువాత చదివి తెలుసుకున్నాను. ఈ ఒక్క ప్రశ్న మీ ప్రశ్నావళిలో తప్పకుండా ఉండాలి.

పిల్లల_వైద్యుడు_కర్నూలు

చర్చ ఒకే వైపుకు సాగకుండా నా మాట కూడా చెబుతాను. ఏడాదిన్నర బిడ్డలు పాలిపోయిన ముఖాలతో నా దగ్గరకు వస్తారు. రాత్రంతా గంట గంటకూ తల్లిపాలు, పగలు రెండు బిస్కెట్లు, అంతే. రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఆందోళన కలిగించే స్థాయిలో ఉంటుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 6 నుంచి 59 నెలల పిల్లలలో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. 6 నుంచి 23 నెలల పిల్లలలో తగినంత ఆహారం అందుతున్నది 11.3 శాతానికే. ఈ బిడ్డలను రోజూ చూసే నర్సు ‘పాలు తగ్గించు’ అంటే దానిని అజ్ఞానంగా లెక్కగట్టడం న్యాయం కాదు.

నర్సింగ్_బోధిని (గుంటూరు)

డాక్టర్ గారూ, మీ అభ్యంతరం సరైన చోటనే ఉంది, అయితే నర్సు చెప్పే మందు ఆ జబ్బుకు తగినదేనా అన్నది నా సందేహం. రెండో ఏట రోజుకు సుమారు 450 మిల్లీలీటర్ల తల్లిపాలు తాగే బిడ్డకు కావలసిన శక్తిలో దాదాపు 29 శాతం, మాంసకృత్తులలో 43 శాతం, విటమిన్ ఎలో 75 శాతం ఆ పాల నుంచే అందుతాయని లెక్కలున్నాయి. ఇనుము మాత్రం అత్యల్పం. కాబట్టి ఆ బిడ్డకు లేనిది ఇనుము, ఇంటి ఆహారం. ఉన్న పాలను తీసివేస్తే వాటి స్థానంలోకి పప్పు, గుడ్డు, ఆకుకూర వస్తాయని హామీ ఏదీ లేదు. చాలా ఇళ్లలో వచ్చేది నీళ్లు కలిపిన గేదె పాలు, మళ్లీ ఆ బిస్కెట్టే. ఆ పాలలోనూ ఇనుము తక్కువే కదా!

సమీకృత శిశు చికిత్స మార్గదర్శకాల్లోనూ ఏడాది నుంచి రెండేళ్ల బిడ్డకు అడిగినప్పుడల్లా తల్లిపాలు ఇస్తూ, ఇంట్లో వండినదే గిన్నెడున్నర చొప్పున రోజుకు 5 సార్లు పెట్టమని ఉంది. పాలా, అన్నమా అనే ఎంపిక అందులో ఎక్కడా లేదు.

పిల్లల_వైద్యుడు_కర్నూలు

గేదె పాల మాట ఒప్పుకుంటున్నాను. నేను తల్లులకు చెప్పేది ఇది: పగలు ముందు అన్నం, ఆ తరువాత పాలు. రాత్రి పాలు ఒక్కసారిగా ఆపనక్కరలేదు, కొంచెం కొంచెంగా తగ్గించుకోవచ్చు. రక్తహీనత నివారణ కార్యక్రమం కింద ఇచ్చే ఐరన్ సిరప్ 1 మి.లీ. చొప్పున వారానికి రెండుసార్లు పోయాలి. ఇప్పటికే రక్తహీనత ఉన్న బిడ్డకు మోతాదు వేరు, అది వైద్యుడు నిర్ణయించాలి. పళ్ల విషయం కూడా మరువకూడదు. ఏడాది లోపు తల్లిపాలు పళ్లకు మేలు చేసేవే గానీ, ఏడాది దాటాక రాత్రిపూట తరచుగా తాగే పిల్లల్లో పుచ్చు ఎక్కువని అధ్యయనాలు చూపుతున్నాయి. దానికి పరిష్కారం పాలు మాన్పించడం ఒక్కటే కాదు. పళ్లు వచ్చిన రోజు నుంచి శుభ్రం చేయడం, చక్కెర తగ్గించడం ముఖ్యం. నర్సు ఈ మాటలు చెప్పగలిగితే ఆమెకు విషయం తెలిసినట్లు. ‘రెండేళ్లు’ అని మాత్రమే చెప్పగలిగితే ఆమెకు తెలిసింది నినాదం.

మరొక్క మాట. తల్లిలోనే విటమిన్ బి12 లోపం ఉంటే ఆమె పాలలోనూ అది తక్కువగానే ఉంటుంది. అందువల్ల బిడ్డను చూసేటప్పుడు తల్లి భోజనం గురించి కూడా అడగాలి.

ఉపకేంద్రం_అక్క (భద్రాద్రి కొత్తగూడెం)

డాక్టర్ గారూ, ‘ముందు అన్నం, ఆ తరువాత పాలు’ అన్నది ఒక్క వాక్యం. సూది వేస్తూ కూడా చెప్పవచ్చు. మాకు కావలసింది ఇలాంటి వాక్యాలే.

విశాఖ_స్టాఫ్‌నర్సు

నేను ఒక ప్రైవేటు ఆసుపత్రి ప్రసూతి వార్డులో ఉన్నాను. పేరు అప్రస్తుతం. మా దగ్గర కాన్పయిన తల్లులలో సగానికి దగ్గరగా ఆపరేషన్ అయినవారే ఉంటారు. రాష్ట్రం మొత్తం మీద కూడా అయిదో సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. అటువంటి వార్డులో మా దృష్టి అంతా మొదటి పాలు పట్టించడం మీదే ఉంటుంది. తల్లి నాలుగైదు రోజులకు ఇంటికి వెళ్లిపోతుంది. ఏడాది తరువాత ఆమె పాలిస్తోందో లేదో మాకు తెలిసే మార్గం లేదు. తెలియని దాని మీద వైఖరి ఏర్పడేది ఎక్కడి నుంచి? మా సొంత ఇంటి నుంచి.

నా సంగతే చెబుతాను. ప్రసూతి సెలవు ముగిశాక నేరుగా షిఫ్టు డ్యూటీలో చేరాను. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం తెచ్చిన నియమం ప్రకారం, బిడ్డకు 15 నెలలు నిండే వరకు తల్లికి మామూలు విశ్రాంతితో పాటు రోజుకు రెండుసార్లు పాలిచ్చేందుకు విరామం ఇవ్వాలి. 2017 సవరణ తరువాత 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లవచ్చు. మా వార్డులో ఆ విరామం అడిగినవారిని నేను చూడలేదు. అడగవచ్చని తెలిసినవారినీ చూడలేదు. పాలు గట్టిపడి, జ్వరం వచ్చి, చివరకు మానేసిన నర్సు మరో తల్లికి ‘రెండేళ్లు ఇవ్వమ్మా’ అని చెప్పేటప్పుడు ఆ మాటలో బలం ఉండదు. తానే అలా ఇచ్చి ఉంటే ఆమె గొంతు వేరుగా ఉంటుంది. మీ విద్యార్థిని నర్సుల సొంత అనుభవాన్ని వయసు, చదువు, సర్వీసు పక్కన ఒక గడిలో టిక్కు పెట్టించి వదిలేయవద్దు. దానిని వివరంగా అడగాలి.

ఇంకొకటి, డబ్బా పాల విషయం. శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం 1992లో వచ్చింది, 2003లో సవరించారు. అది నవజాత శిశువుల డబ్బాలకే వర్తిస్తుందని మా వార్డులో చాలామంది అనుకుంటారు. నిజానికి 2 ఏళ్ల వయసు వరకు తల్లిపాలకు బదులుగా అమ్మే ఏ పొడికైనా అది వర్తిస్తుంది. ప్రకటనలు, ఉచిత నమూనాలు, ఆరోగ్య సిబ్బందికి కానుకలు నిషిద్ధం. టీవీలో కనిపించే పొడుల ప్రకటనలు రెండేళ్లు నిండిన పిల్లలతోనే ఎందుకు మొదలవుతాయో ఆలోచించండి. అయినా ▇▇▇▇ వారి ప్రతినిధి ‘ఏడాది దాటిన పిల్లలకు మాత్రమేనండీ’ అంటూ కరపత్రాలు ఇచ్చి వెళ్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు.

వేదిక_నిర్వాహకులు

పై టపాలో ఒక కంపెనీ పేరు తొలగించాము. విషయం అలాగే ఉంచాము. ఉల్లంఘనల ఫిర్యాదులు జిల్లా వైద్య, ఆరోగ్య అధికారికి రాయడం మంచిది.

అమ్మ_ఐటీ_హైదరాబాదు

నేను నర్సును కాను. పాప 22 నెలల వయసు వరకు నా దగ్గర పాలు తాగింది. ఆ కాలంలో నాకు గొంతు నొప్పికి మందులు రాసినప్పుడు, కౌంటరు దగ్గరున్న సిస్టర్ మందుల కోర్సు అయ్యేదాకా పాలు ఆపమన్నారు. అది తల్లిపాలతో పాటు వాడదగిన సాధారణ యాంటీబయాటిక్ అని తరువాత మరో డాక్టరు చెప్పారు. ఆమెను తప్పుపట్టాలని ఇది రాయడం లేదు. ఆపమంటే తన మీదకు మాట రాదు, కొనసాగించమంటే వస్తుందేమోనన్న భయం ఆమె ముఖంలో కనిపించింది. ఇంత పెద్ద పిల్లకు నాలుగు రోజులు పాలు లేకపోతే ఏమవుతుందిలే అన్న భావన కూడా తోడయిందనిపించింది. నెల బిడ్డ తల్లికి ఆమె ఆ మాట అంత తేలికగా చెప్పేవారు కాదు.

లీడ్స్_తెలుగమ్మాయి

ఇంగ్లండులో సామాజిక ఆరోగ్య విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడి సమస్య మరో రూపంలో ఉంటుంది. యునైటెడ్ కింగ్‌డమ్‌లో 2010 నాటి జాతీయ సర్వే ప్రకారం ఆరు నెలల వయసులో కొద్దిగానైనా తల్లిపాలు అందుతున్న పిల్లలు 34 శాతం, తల్లిపాలు మాత్రమే తాగుతున్నవారు 1 శాతం. కాబట్టి ఏడాది దాటి పాలిచ్చే తల్లిని నర్సు అరుదుగా చూస్తుంది. పాలిచ్చే తల్లి ఆ సంగతి దాచుకుంటుంది. దాచుకున్నందువల్ల మరింత అరుదుగా కనిపిస్తుంది. మన ఊళ్ల నుంచి వచ్చిన తల్లులు, అక్కడ సహజంగా చేసిన పనిని ఇక్కడ గుట్టుగా చేయడం నేను చూస్తున్నాను. ‘ఇక్కడివాళ్లు ఏమనుకుంటారో సిస్టర్’ అని నాతో తెలుగులో మాత్రమే చెబుతారు.

అయితే వ్యవస్థలో ఒక మేలు ఉంది. ఏడాది వయసులో ఒకసారి, రెండు నుంచి రెండున్నర ఏళ్ల మధ్య మరోసారి ప్రతి బిడ్డనూ ఆరోగ్య సందర్శకురాలు చూడాలి. తల్లిపాలకు మద్దతిచ్చే సంస్థలకు దక్కే ‘శిశు మిత్ర’ గుర్తింపు కూడా ఇక్కడ ఆసుపత్రులతో పాటు ఈ సందర్శక సేవలకు విడిగా ఇస్తారు. 1991లో మొదలైన ఆ కార్యక్రమం పేరులోనే ఆసుపత్రి ఉంది. మన దగ్గర దాని ఆలోచన కూడా ప్రసూతి వార్డు దగ్గరే ఆగిపోయిందని నా అభిప్రాయం. అమెరికాలో ఉన్న తెలుగు నర్సులకు మరో సమాచారం: అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ 2012లో ఏడాది లేదా ఆపైన అని చెప్పి, 2022లో రెండేళ్లు లేదా ఆపైన కొనసాగించే తల్లులకు మద్దతు ఇవ్వాలని సవరించింది. పాత పుస్తకం చదివిన నర్సు, కొత్త పుస్తకం చదివిన నర్సు ఒకే వార్డులో రెండు మాటలు చెప్పే అవకాశం ఉంది.

గణాంకం (వరంగల్లు)

సామాజిక వైద్య విభాగంలో పరిశోధన వ్యాసాల గణాంకాలు చూస్తుంటాను. మేడమ్ గారి మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాను. ‘ఎంతకాలం?’ అన్నది జ్ఞాపకశక్తిని కొలిచే ప్రశ్న. ‘ఈ తల్లికి ఏం చెబుతారు?’ అన్నది నిర్ణయాన్ని కొలిచే ప్రశ్న. మన వ్యాసాల్లో ఎక్కువగా మొదటి రకం ముప్పై ప్రశ్నలు పెట్టి, ఒక బోధన తరగతి నిర్వహించి, వారానికి మళ్లీ అవే ప్రశ్నలు వేసి, మార్కులు పెరిగాయని రాస్తారు. నిన్న చెప్పింది నేడు అడిగితే మార్కులు పెరగక ఏమవుతాయి? ఆ నర్సు టీకాల రోజున ‘ఇంకానా?’ అనడం మానిందో లేదో ఎవరూ చూడరు.

వైఖరి కొలవడానికి చాలామంది అయోవా శిశు ఆహార వైఖరి మాపకాన్ని వాడతారు. అందులో 17 వాక్యాలు ఉంటాయి, మొత్తం మార్కు 17 నుంచి 85 మధ్య వస్తుంది. మంచి సాధనమే. కానీ అది ప్రధానంగా తల్లిపాలను డబ్బా పాలతో పోల్చే వాక్యాల మీద నడుస్తుంది. మన నర్సులు అందులో మంచి మార్కులే తెచ్చుకుంటారు. మీకు కావలసిన విషయం మాత్రం బయటపడదు. నా సూచన ఏమిటంటే, ఒకే తల్లి కథను రాసి బిడ్డ వయసును మాత్రం మార్చండి: 5 నెలలు, 11 నెలలు, 18 నెలలు, 30 నెలలు. ఒక్కో నర్సుకు ఒక్కో వయసు కథను చీటీ తీసినట్లు యాదృచ్ఛికంగా ఇవ్వండి. ఆమోదం ఏ వయసు దగ్గర జారిపోతుందో మీ పట్టికలో తేటగా కనిపిస్తుంది.

మరో సూచన, కథలో బిడ్డ ఆడపిల్లా, మగపిల్లవాడా అన్నది కూడా మార్చండి. మన దేశపు సర్వే వివరాల మీద 2011లో వెలువడిన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధనలో, ఆడపిల్లలకు మగపిల్లల కంటే తక్కువ కాలం తల్లిపాలు అందుతున్నాయని, కొడుకు కోసం త్వరగా మరో కాన్పుకు సిద్ధపడడం అందుకు ముఖ్య కారణమని తేల్చారు. పాలు ఇస్తున్నంతకాలం గర్భం ఆలస్యమవుతుందన్న ఎరుక ఇంటివారికి ఉంది. నర్సు ఈ లెక్కను గమనిస్తున్నదా, లేక తెలియకుండానే దానికి తోడ్పడుతున్నదా అన్నది మరెవరూ అడగని ప్రశ్న.

ఉపకేంద్రం_అక్క (భద్రాద్రి కొత్తగూడెం)

ఆడపిల్ల విషయం నిజం. ‘ఆడపిల్లేగా, ఏడాది చాలు’ అని ఎవరూ నోటితో అనరు. రెండోసారి నెల తప్పాక ఆ తల్లిని మా దగ్గరకు తెస్తారు.

నర్సింగ్_బోధిని (గుంటూరు)

చాలా విలువైన సూచనలు వచ్చాయి. విద్యార్థినితో కూర్చొని ప్రశ్నావళిని ఈ విధంగా మార్చాము. ‘ఎంతకాలం’ అన్న రకం ప్రశ్నలను నాలుగుకు కుదించాము. మిగిలిన స్థానంలో తల్లుల కథలు పెట్టాము: అన్నం తినని 14 నెలల బిడ్డ, మళ్లీ గర్భవతి అయిన తల్లి, యాంటీబయాటిక్ వాడుతున్న తల్లి, పళ్లు పుచ్చిన ఏడాదిన్నర బిడ్డ. హెచ్.ఐ.వి. ఉన్న తల్లి కథను కూడా చేర్చాలని అనుకుంటున్నాము. మందులు క్రమంగా వాడుతూ తగిన పర్యవేక్షణలో ఉన్న తల్లి కనీసం ఏడాది, అవసరమైతే రెండేళ్లు ఆపైన కూడా పాలివ్వవచ్చని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించింది. అయితే దేశీయ మార్గదర్శకంతో సరిచూసిన తరువాతే జవాబుల పట్టికలో పెడతాము. నర్సుల సొంత అనుభవానికి, పని వేళలకు, చట్టం కల్పించిన విరామాలకు విడి భాగం కేటాయించాము. గణాంకం గారు చెప్పినట్లు వయసును మార్చే కథ ఒకటి ఉంటుంది. బిడ్డ ఆడో మగో మార్చాలంటే నమూనా సంఖ్య పెరుగుతుంది కనుక మార్గదర్శకురాలితో మాట్లాడాలి.

ఒక సందేహం మిగిలింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో సమాచారం సేకరించేటప్పుడు నర్సులు అసలు మనసులో ఉన్నది చెబుతారా?

గణాంకం (వరంగల్లు)

పేరు, ఉద్యోగి సంఖ్య అడగకండి. కాగితం మడిచి పెట్టెలో వేయించండి. సరైన జవాబు ఏదో సూచించే శీర్షిక ప్రశ్నావళి పైన ఉండకూడదు. ‘తల్లిపాల ప్రోత్సాహం’ అని పెద్ద అక్షరాలతో రాస్తే అందరూ ప్రోత్సాహకులే అయిపోతారు.

ఉపకేంద్రం_అక్క (భద్రాద్రి కొత్తగూడెం)

మెడికల్ ఆఫీసరు గారు గదిలో ఉండగా అడగవద్దు మేడమ్. నెలవారీ సమీక్ష సమావేశం రోజున కూడా వద్దు, ఆ రోజు అందరం లక్ష్యాల అంకెలు అప్పజెప్పే ధోరణిలో ఉంటాము. టీకాల రోజున జనం తగ్గాక, మధ్యాహ్నం భోజనాల తరువాత రండి. అప్పుడే ఉదయం వచ్చిన తల్లుల సంగతి తాజాగా గుర్తుంటుంది. ఇంకొక మనవి, ఏ.ఎన్.ఎం.లతో పాటు మా ఆశా అమ్మాయిలకు కూడా అవే కథలు చదివి వినిపించండి. 15వ నెల వరకు ఆ ఇంటి గడప తొక్కేది వారే.